ఏకత్వాన్వేషి అబ్దుస్ సలాం

అనేకంలో ఏకాన్ని దర్శించాలన్న తపన మానవునికి అనాదిగా ఉన్నది. వేదాంతులు ఆ తపనను ఒక మార్గంలో తీర్చుకొన్నారు. విజ్ఞానవేత్తలు మరొక మార్గంలో తీర్చుకొంటున్నారు. చెట్టునుండి రాలే పండును, ఆకాశంలో సంచరించే చంద్రుణ్ణి నడిపించేది ఒకే ఆకర్షణ బలమని పదిహేడవ శతాబ్దంలో న్యూటన్ నిరూపించాడు. భూలోకానికి ఒక ధర్మం, ఖగోళానికి మరొక ధర్మం అని అంతవరకు నమ్మిన లోకం ఆ మాట విని విస్తుపోయింది. పందొమ్మిదవ శతాబ్దంలో మాక్స్‌వెల్ విద్యుత్తు, అయస్కాంతత్వం వేరువేరు కావనీ, మన కంటికి వెలుగునిచ్చే కాంతి కూడ వాటి తరంగమేననీ తేల్చాడు. ఐన్‌స్టీన్ తన జీవితంలోని చివరి మూడు దశాబ్దాలను గురుత్వాకర్షణను, విద్యుదయస్కాంతత్వాన్ని ఒకే సూత్రాన బంధించే ప్రయత్నానికి ధారపోసి, ఫలితం చూడకుండానే 1955లో కన్నుమూశాడు. ఈ పరంపరలో తరువాతి మెట్టు ఎక్కిన మహనీయులలో ఒకడు అబ్దుస్ సలాం. ప్రకృతిలో విడివిడిగా కనిపించే బలాలను కలపడానికి ఆయన జీవితమంతా శ్రమించాడు. అటువంటి వ్యక్తిని ఆయన జన్మభూమి మాత్రం తనలో కలుపుకోలేకపోయింది. ఆయన జీవితగాథలోని వైభవమూ విషాదమూ ఈ రెండు విషయాల నడుమనే ఉన్నాయి.

సలాం 1926 జనవరి 29వ తేదీన అవిభక్త భారతదేశంలోని పంజాబులో జన్మించాడు. ఆయన పెరిగిన ఝంగ్ పట్టణం నేడు పాకిస్తాన్‌లో ఉన్నది. తండ్రి చౌధురీ ముహమ్మద్ హుస్సేన్ విద్యాశాఖలో ఉద్యోగి. ధనధాన్యాలు అంతంతమాత్రమే అయినా ఆ ఇంట చదువుకు లోటు లేదు. ఆనాడు ఝంగ్‌లో విద్యుద్దీపాలు లేవు. పాఠశాలలో ఒకనాడు ఉపాధ్యాయుడు ప్రకృతిలోని బలాలను గురించి పాఠం చెప్పాడు. గురుత్వాకర్షణ అందరికీ తెలిసినదే. అయస్కాంతాన్ని ఆయన పిల్లలకు చేతబట్టి చూపించాడు. విద్యుత్తు సంగతి వచ్చేసరికి, అది ఝంగ్‌లో కాపురముండదనీ, రాజధాని అయిన లాహోరులో ఉంటుందనీ చెప్పాడు. ఇక కేంద్రక బలం ఐరోపా ఖండంలో మాత్రమే ఉంటుందనీ, దాని జోలి తమకు అక్కరలేదనీ ముగించాడట. పెద్దవాడైన తరువాత సలాం ఈ ముచ్చటను సభలలో నవ్వుతూ చెప్పుకొనేవాడు. లాహోరులో ఉండే బలానికీ ఐరోపాలో ఉండే బలానికీ చుట్టరికం కలిపే పని, దీపాలు లేని ఆ ఊరి బాలునికే దక్కడం కాలం చేసిన చమత్కారం.

పద్నాలుగవ ఏట సలాం మెట్రిక్యులేషన్ పరీక్షలో పంజాబు విశ్వవిద్యాలయ చరిత్రలో అంతవరకు ఎవ్వరికీ రానన్ని మార్కులు సంపాదించాడు. ఆ వార్తతో ఆ బాలుడు సైకిలుపై ఊరు చేరేసరికి పట్టణమంతా వీథుల్లోకి వచ్చి స్వాగతం పలికింది. మతభేదాలతో నిమిత్తం లేకుండా హిందువులు, ముస్లింలు, సిక్కులు ఆ విజయాన్ని తమ విజయంగానే భావించారు. తరువాత ఆయన లాహోరు ప్రభుత్వ కళాశాలలో చేరి గణితశాస్త్రం అభ్యసించాడు. 1943లో, అనగా పదిహేడేళ్ళ ప్రాయంలో, ఆయన మొదటి పరిశోధన పత్రం వెలువడింది. దాని విషయం మన శ్రీనివాస రామానుజన్ పరిష్కరించిన ఒక సమీకరణాల సమస్య. రామానుజన్ మార్గంకంటె సులభమైన మార్గం ఒకటి ఉన్నదని ఆ విద్యార్థి చూపించాడు.

ఆ రోజులలో తెలివిగల పిల్లవాడికి పెద్దలు కోరుకొనేది ప్రభుత్వోద్యోగం. తండ్రి కోరిక కూడ కుమారుడు ఐ.సి.ఎస్. అధికారి కావాలనే. రైల్వే ఉద్యోగానికి ప్రయత్నించగా కంటిచూపు చాలదని తిరస్కరించారు. రెండవ ప్రపంచయుద్ధం కారణంగా ఐ.సి.ఎస్. పరీక్షలు ఆగిపోయాయి. ఇంతలో యుద్ధం ముగిసింది. యుద్ధ సహాయార్థం పంజాబు ప్రభుత్వం పోగుచేసిన నిధిలో కొంత మిగిలిపోగా, సన్నకారు రైతుల బిడ్డలకు విదేశాలలో చదువుకొనడానికి దానిని విద్యార్థి వేతనాలుగా మార్చారు. సలాంకు ఆ వేతనం లభించింది. 1946లో ఆయన కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. ఆయనతోపాటు ఎంపికైనవారు మరుసటి సంవత్సరందాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆలోగా 1947లో దేశవిభజన జరిగి ఆ పథకమే అంతరించింది. కేవలం ఒక్క ఏడాది అటూ ఇటూ అయి ఉంటే ఆయన జీవితం మరొక దారి పట్టేది. అవకాశం తలుపు తట్టినపుడు దానిని అందుకొనే యోగ్యత సిద్ధంగా ఉండడమే భాగ్యమని ఈ ఘట్టం మనకు తెలియజేస్తుంది.

కేంబ్రిడ్జిలో గణితంలోను, భౌతికశాస్త్రంలోను సలాం ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. అప్పటికి కాంతికీ విద్యుదావేశిత కణాలకూ మధ్య సంబంధాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతం కొత్తగా రూపుదిద్దుకొంటున్నది. ఆ సిద్ధాంతంతో లెక్కలు వేసేటప్పుడు అనంతమైన విలువలు వచ్చి అర్థాన్ని చెరిపివేసేవి. ఈ చిక్కులో మిక్కిలి జటిలమైన ఒక ముడిని సలాం కొద్ది నెలలలోనే విప్పాడు. 1950లో కేంబ్రిడ్జి ఆయనను స్మిత్ బహుమతితో సత్కరించింది. పాతికేళ్ళు నిండకముందే ఆయన పేరు ప్రపంచంలోని ప్రముఖ భౌతికశాస్త్రజ్ఞులకు పరిచితమైంది.

విదేశాలలో స్థిరపడే అవకాశమున్నా సలాం 1951లో స్వదేశానికి తిరిగివచ్చి తాను చదువుకొన్న లాహోరు ప్రభుత్వ కళాశాలలోనే ఆచార్యుడైనాడు. తన వంటి పరిశోధకులను తయారుచేయాలన్నది ఆయన సంకల్పం. కాని అక్కడ పరిశోధన అంటే పట్టించుకొనేవారు లేరు. కొత్త పత్రికలు అందవు. తన విషయంలో చర్చించడానికి చుట్టుపక్కల మరొక మనిషి లేడు. పాఠాలు చెప్పగా మిగిలిన సమయంలో కళాశాలకు ఏదో ఒక సేవ చేయాలని ప్రధానాచార్యుడు ఆదేశించి, చూపిన బాధ్యతలలో ఒకదానిని ఎంచుకోమన్నాడు. సలాం ఫుట్‌బాల్ జట్టు నిర్వహణను స్వీకరించాడు. సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో అంతర్జాతీయ ఖ్యాతి పొందిన యువకుడు సాయంకాలాలు మైదానంలో బంతి వెంట పరుగెత్తే పిల్లల యోగక్షేమాలు చూడవలసి వచ్చింది. బంతి ఆట తక్కువదని కాదు. ఒక విద్వాంసుని శక్తిని ఎక్కడ వినియోగించుకోవాలో తెలియని వ్యవస్థ తనకు తానే నష్టం చేసికొంటుంది.

దీనికి తోడు 1953లో లాహోరులో అహ్మదీయ శాఖకు వ్యతిరేకంగా అల్లర్లు చెలరేగాయి. సలాం కుటుంబం ఆ శాఖకు చెందినదే. ఏ ఊరు తన విజయానికి వీథుల్లోకి వచ్చి ఆనందించిందో ఆ సీమలోనే తన వారికి భద్రత కరువైంది. మరొకవైపు పరిశోధన ఎండిపోతున్నది. దేశంలో ఉంటే శాస్త్రాన్ని వదలుకోవాలి, శాస్త్రం కావాలంటే దేశాన్ని వదలుకోవాలి. ఈ ధర్మసంకటంలో ఆయన మూడేళ్ళు నలిగి, చివరకు 1954లో కేంబ్రిడ్జికి ఉపన్యాసకుడుగా వెళ్ళాడు. 1957లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యపదవి లభించింది. 1959లో ముప్పై మూడేళ్ళ వయసులో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. కీర్తి ఎంత పెరిగినా, తనకు పట్టిన దుస్థితి తరువాతి తరానికి పట్టకూడదన్న ఆలోచన మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. దాని ఫలితాన్ని ముందుముందు చూద్దాం.

సలాం సాధించిన దేమిటో తెలియాలంటే ప్రకృతిలోని నాలుగు మౌలిక బలాలను గురించి కొంత తెలియాలి. మొదటిది గురుత్వాకర్షణ. గ్రహాలను సూర్యుని చుట్టూ తిప్పేది ఇదే. రెండవది విద్యుదయస్కాంత బలం. పరమాణువులో ఎలక్ట్రాన్‌ను కేంద్రకానికి కట్టి ఉంచేది, మన ఇంట దీపం వెలిగించేది ఇది. మూడవది ప్రబల కేంద్రక బలం. క్వార్కులనే సూక్ష్మకణాలను ప్రోటాన్‌గా, న్యూట్రాన్‌గా బిగించి, వాటిని మళ్ళీ కేంద్రకంలో కూర్చి ఉంచేది ఇది. నాల్గవది దుర్బల కేంద్రక బలం. పేరుకు దుర్బలమే కాని, న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గా మార్చేది, సూర్యుడు మండడానికి తొలి అడుగు వేయించేది ఇదే. ఏనుగును తడిమిన అంధులు ఒకడు స్తంభమనీ, ఒకడు చేట అనీ, ఒకడు గోడ అనీ వాదించుకొన్నట్లు, ఒకే మూలబలపు భిన్నభాగాలను తాకి మనం నాలుగు పేర్లు పెట్టుకొన్నామేమో అన్న సందేహం శాస్త్రజ్ఞులకు కలిగింది.

ఈ భావాన్ని మన గోదావరితో పోల్చి చెప్పవచ్చు. కోనసీమలో నిలబడి చూచేవానికి గౌతమి, వశిష్ఠ, వైనతేయ వేరువేరు నదులుగా కనిపిస్తాయి. ప్రవాహానికి ఎదురుగా నడచివెళ్తే వైనతేయ వశిష్ఠలోనే ఉన్నదని తెలుస్తుంది. ఇంకా పైకి వెళ్ళి ధవళేశ్వరం చేరితే గౌతమి, వశిష్ఠ రెండూ ఒకే అఖండ గోదావరి అని కన్నులారా చూడవచ్చు. బలాల విషయంలో ఎదురునడక అంటే అధికాధిక శక్తి స్థాయిలకు వెళ్ళడం. విశ్వం పుట్టిన తొలిక్షణంలో, ఊహకందని వేడిమిలో, బలాలన్నీ ఒక్కటిగా ఉండి, విశ్వం చల్లబడినకొద్దీ పాయలు పాయలుగా చీలి ఉంటాయని ఏకీకరణ సిద్ధాంతాల సారాంశం. మొదటి సంగమస్థానంలో విద్యుదయస్కాంత బలం, దుర్బల బలం కలుస్తాయి. అంతకు ఎంతో ఎగువన ప్రబల బలం కూడ వాటితో కలుస్తుందని చెప్పే వాటినే మహా ఏకీకరణ సిద్ధాంతాలంటారు.

దుర్బల బలంతో సలాం పరిచయం ఒక చేదు అనుభవంతో మొదలైంది. దర్పణంలో కనిపించే ప్రతిబింబ ప్రపంచం కూడ మన ప్రపంచపు నియమాలనే పాటిస్తుందని అంతవరకు అందరూ నమ్మేవారు. దుర్బల బలం ఈ కుడియెడమల సామ్యాన్ని పాటించకపోవచ్చునని 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు సూచించారు. అమెరికాలో యాంగ్ ప్రసంగం విని తిరిగివస్తూ, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా సాగే విమానంలో రాత్రంతా నిద్రలేక ఆలోచించిన సలాంకు ఒక సమాధానం స్ఫురించింది. న్యూట్రినో అనే కణానికి ద్రవ్యరాశి లేదనుకొంటే ఈ సామ్యభంగం సహజంగానే వస్తుంది. ఆయన ఎంతో ఉత్సాహంతో ఆ భావాన్ని ఆ కాలపు మహామేధావి పౌలీకి పంపాడు. ఇంతకంటె మంచి విషయం ఏదైనా ఆలోచించుకొమ్మని పౌలీ తోసిపుచ్చాడు. కొద్ది నెలలకే వూ అనే శాస్త్రవేత్త్రి నిర్వహించిన ప్రయోగం సామ్యభంగం నిజమేనని తేల్చింది. పౌలీ తన తొందరపాటును అంగీకరిస్తూ సలాంకు లేఖ వ్రాశాడు. 1957లో నోబెల్ పురస్కారం లీ, యాంగ్‌లకు లభించింది. పెద్దల మాట వినవలసిందే కాని, పెద్దరికం ప్రమాణం కాదనీ, శాస్త్రంలో ప్రకృతి మాటయే ప్రమాణమనీ సలాం గ్రహించాడు. అప్పటినుండి తనకు తోచిన భావాన్ని వెల్లడించడానికి ఆయన వెనుదీయలేదు. వాటిలో నిలవనివీ చాలా ఉన్నాయి. నిలిచినవి మాత్రం చరిత్రను మార్చాయి.

విద్యుదయస్కాంత బలానికీ దుర్బల బలానికీ సంబంధం కలపడం మాటలతో అయ్యే పని కాదు. మొదటిది నక్షత్రాల దూరాలకు వ్యాపిస్తుంది. రెండవది కేంద్రకపు పరిధిలో ఒక స్వల్పభాగం కూడ దాటదు. మొదటిదాని వాహకమైన కాంతికణానికి బరువు లేదు. రెండవదాని వాహకాలు మిక్కిలి బరువైనవిగా ఉండాలి. ఒకే తల్లి బిడ్డలకు ఇంత తేడా ఎందుకు? సలాం ఇంపీరియల్ కళాశాలలోని సహచరుడు, మద్రాసులో జన్మించిన టామ్ కిబుల్ మొదలైనవారు 1964లో ఒక మార్గం చూపారు. మూలంలో సౌష్ఠవం సంపూర్ణంగా ఉన్నా, విశ్వమంతటా పరచుకొన్న ఒక క్షేత్రం వల్ల అది మరుగుపడుతుందనీ, ఆ క్షేత్రంతో పెనగులాడే కణాలకు బరువు వస్తుందనీ వారు వివరించారు. హిగ్స్ పేరుతో ప్రసిద్ధమైన ఈ యంత్రాంగాన్ని తాను, జాన్ వార్డ్ అంతకుముందు నిర్మించిన ఏకీకరణ నమూనాకు సలాం అన్వయించాడు. ఇదే సమయంలో అమెరికాలో స్టీవెన్ వైన్‌బర్గ్ స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చి 1967లో ప్రకటించాడు. సలాం సిద్ధాంతం 1968లో స్వీడన్‌లో జరిగిన సదస్సులో వెలువడింది. వీరికి ముందే 1961లో షెల్డన్ గ్లాషో దీనికి గణితపు చట్రం నిర్మించి ఉన్నాడు.

ఆ సిద్ధాంతాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. 1971లో హాలండ్ దేశపు విద్యార్థి హూఫ్ట్ దాని లెక్కలు అనంతాల బారిన పడవని నిరూపించిన తరువాత లోకం అటు తిరిగింది. 1973లో జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాల, ఆ సిద్ధాంతం ఊహించిన ఒక కొత్తరకపు దుర్బల చర్యను కనుగొన్నది. 1979లో గ్లాషో, సలాం, వైన్‌బర్గ్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ పురస్కారం సంయుక్తంగా లభించింది. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1983లో, బలవాహకాలైన డబ్ల్యు, జెడ్ కణాలు సెర్న్‌లోనే దొరికాయి. ప్రోటాన్ బరువుకు మొదటిది సుమారు 86 రెట్లు, రెండవది సుమారు 97 రెట్లు బరువున్నట్లు నేడు మనకు తెలుసు. సిద్ధాంతం చెప్పిన బరువులతో ఇవి సరిపోయాయి. హిగ్స్ కణం మరి కొంతకాలం దొరకకుండా తిరిగి, 2012లో అక్కడే చిక్కింది.

మొదటి సంగమం దాకా వెళ్ళినవాడు అక్కడే ఆగితే సలాం కాడు. ఒడిశాలోని బారిపదాలో జన్మించి అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జోగేశ్ పతితో కలసి ఆయన ఎగువకు నడిచాడు. ప్రబల బలానికి లోబడే క్వార్కులు ఒక కులం, దానికి లోబడని ఎలక్ట్రాన్, న్యూట్రినో వంటి లెప్టాన్‌లు మరొక కులం అని అప్పటి శాస్త్రం విభజించింది. క్వార్కులకు మూడు విధాలైన లక్షణాలున్నాయి. వాటికి శాస్త్రజ్ఞులు సంకేతంగా వర్ణాలని పేరు పెట్టారు. లెప్టాన్ అనేది నాల్గవ వర్ణానికి చెందిన కణమేననీ, రెండు కులాలూ మూలంలో ఒకే కుటుంబమనీ పతి, సలాం 1974లో ప్రతిపాదించారు. మహా ఏకీకరణ దిశగా వేసిన తొలి అడుగులలో ఇది ఒకటి. అదే ఏడాది హోవర్డ్ జార్జి, గ్లాషో మరొక రూపంలో మహా ఏకీకరణ సిద్ధాంతాన్ని నిర్మించారు. సలాం తొలినాళ్ళలో బరువే లేదనుకొన్న న్యూట్రినోకు స్వల్పమైన బరువు ఉండడానికి ఈ కొత్త సిద్ధాంతం చోటు కల్పించింది. న్యూట్రినోకు బరువున్నదని 1998లో జపాన్ ప్రయోగాలు వెల్లడించాయి.

క్వార్కులూ లెప్టాన్‌లూ ఒకే కుటుంబమైతే ఒకటి మరొకటిగా మారవచ్చును. అప్పుడు క్వార్కులతో నిర్మితమైన ప్రోటాన్ కూడ శాశ్వతం కాదు. అది ఏదో ఒకనాడు నశించి తేలికైన కణాలుగా విడిపోవాలి. కొండలు, నక్షత్రాలు, మన దేహాలు సర్వం ప్రోటాన్‌లతో కూడినవే కనుక, సమస్త పదార్థమూ అంతిమంగా నశ్వరమన్న మాట. పుట్టినది గిట్టక తప్పదన్న లోకోక్తి పరమాణు గర్భానికి కూడ వర్తిస్తుందా అన్నదే ప్రశ్న. ప్రోటాన్ ఆయువు విశ్వం వయసైన 1380 కోట్ల సంవత్సరాలకు ఎన్నో కోట్లకోట్ల రెట్లు అధికమని లెక్కలు చెప్పాయి. ఒక ప్రోటాన్‌ను అంతకాలం కనిపెట్టుకొని ఉండడం అసాధ్యం. అయితే ఒక టన్ను నీటిలో ఉన్న ప్రోటాన్‌ల సంఖ్య 1 పక్కన 29 సున్నాలు పెట్టగా వచ్చే సంఖ్యకంటె ఎక్కువ. అన్నింటిని ఒకేసారి కాపలా కాస్తే, ఏ ఒక్కటి రాలినా కనిపెట్టవచ్చు.

ఈ అన్వేషణలో ముందుగా అడుగువేసిన ప్రయోగాలలో ఒకటి మన చిత్తూరు సీమకు పొరుగున, తెలుగువారు ఎందరో శ్రమించిన కోలారు బంగారు గనులలో జరిగింది. ఆకాశంనుండి నిరంతరం కురిసే విశ్వకిరణాల సందడి తగలకుండా ఉండాలంటే భూగర్భంలోకి పోవాలి. అందువల్ల టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాన్ సహచరులతో కలసి 1980 ప్రాంతంలో నేలకు సుమారు 2300 మీటర్ల లోతున 140 టన్నుల పరికరాన్ని అమర్చారు. కొన్ని సంఘటనలు ప్రోటాన్ నాశనానికి సూచనలుగా తోచాయని వారు ప్రకటించగా శాస్త్రలోకం ఉలిక్కిపడింది. కాని తరువాత అమెరికాలోను, జపాన్‌లోను నెలకొల్పిన పెద్ద పరికరాలు దానిని సమర్థించలేదు. జార్జి, గ్లాషోల సరళమైన సిద్ధాంతం నిలవలేదు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. జపాన్‌లోని కమియోకాలో 50,000 టన్నుల నీటితో 1996లో ప్రారంభమైన సూపర్ కమియోకాండే ఒక్క ప్రోటాన్ మరణాన్ని కూడ నిర్ధారించలేదు. ప్రోటాన్‌కు మరణమంటూ ఉంటే, ముఖ్యమైన ఒక మార్గంలో దాని ఆయువు 1 పక్కన 34 సున్నాలున్న సంవత్సరాలకు మించి ఉండాలని మాత్రం తేలింది. మహా ఏకీకరణ జరిగే శక్తి స్థాయి నేటి అతిపెద్ద యంత్రాల శక్తికి వేల కోట్ల రెట్లు ఎగువన ఉన్నది. అందువల్ల సలాం చూపిన రెండవ సంగమం ఇంకా ఎవరి కంటా పడలేదు. ఆ నది ఒక్కటే అని నమ్మేవారు మాత్రం నడక మానలేదు.

ఇక లాహోరు ఒంటరితనం ఆయన మనసులో నాటిన బీజం ఏమైందో చూద్దాం. పేదదేశపు శాస్త్రజ్ఞుడు తన దేశాన్ని శాశ్వతంగా విడిచిపెట్టకుండానే, అప్పుడప్పుడు కొన్ని నెలలు ప్రపంచంలోని మేటి విద్వాంసుల మధ్య గడిపి, కొత్త విద్యతో తిరిగి తన ఊరు చేరే ఏర్పాటు కావాలని సలాం తలపోశాడు. 1960లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశంలో ఈ ప్రతిపాదన చేశాడు. సంపన్న దేశాల ప్రతినిధులు కొందరు పెదవి విరిచారు. ఎడ్లబండి చాలినవారికి ఖరీదైన మోటారుకారు ఎందుకన్న ధోరణిలో ఒకరు మాట్లాడారు. సలాం పట్టు విడువలేదు. ఇటలీ ప్రభుత్వం చేయూతనివ్వగా 1964లో ట్రియెస్టె నగరంలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం వెలసింది. స్థాపననుండి 1993 వరకు ఆయనే దానికి సారథి. మన దేశంనుండి కూడ ఎందరో పరిశోధకులు అక్కడికి వెళ్ళి విద్యాలాభం పొందారు. 1983లో ఆయన తృతీయ ప్రపంచ విజ్ఞాన అకాడమీని కూడ స్థాపించాడు. తనకు మూసుకొన్న తలుపును పగులగొట్టి తానొక్కడే లోనికి వెళ్ళినవారు లోకంలో ఉన్నారు. వెనుక వచ్చేవారికోసం ఆ తలుపును తెరచి పట్టుకొని నిలబడినవాడు సలాం.

స్వదేశానికి కూడ ఆయన చేసిన సేవ తక్కువది కాదు. 1961నుండి పాకిస్తాన్ అధ్యక్షునికి విజ్ఞానశాస్త్ర సలహాదారుగా పనిచేసి, అణుశక్తి, అంతరిక్ష పరిశోధన రంగాలకు పునాదులు వేశాడు. కాని 1974 సెప్టెంబరులో పాకిస్తాన్ పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి, అహ్మదీయులు ముస్లింలు కారని ప్రకటించింది. సలాం నిరసనగా సలహాదారు పదవికి రాజీనామా చేశాడు. క్వార్కులూ లెప్టాన్‌లూ ఒకే కుటుంబమని ఆయన ప్రకటించిన సంవత్సరమూ, ఆయన ఈ కుటుంబానికి చెందడని స్వదేశ శాసనం ప్రకటించిన సంవత్సరమూ ఒక్కటే కావడం విధివిలాసం. అంతటి అవమానం జరిగినా ఆయన పాకిస్తాన్ పౌరసత్వాన్ని మాత్రం వదలుకోలేదు.

1979 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో నోబెల్ పురస్కారం స్వీకరించడానికి ఆయన తలపాగా చుట్టి, షేర్వాణీ ధరించి, ముక్కు వంపు తిరిగిన పంజాబీ పాదరక్షలతో వెళ్ళాడు. తన దేశంనుండి ఆ పురస్కారం పొందిన తొలి వ్యక్తి ఆయనే. ఆ సొమ్ములో ఒక్క పైసా కూడ తనకుగాని, తన కుటుంబానికిగాని వాడుకోకుండా వర్ధమాన దేశాల భౌతికశాస్త్రజ్ఞులకోసమే వినియోగించాడు. అదే సమయంలో స్వదేశ రాజధానిలోని విశ్వవిద్యాలయంలో ఏర్పాటు కావలసిన ఆయన ఉపన్యాసం కొన్ని విద్యార్థి వర్గాల బెదిరింపుల వల్ల రద్దయింది. ఇంట గెలిచి రచ్చ గెలవాలని పెద్దలంటారు. రచ్చ గెలిచినవానికి ఇల్లే తలుపు మూసుకొన్నది.

అయినా సరిహద్దులకు ఇవతల ఒక తలుపు ఆయనకోసం తెరచి ఉన్నది. లాహోరులో తనకు గణితం బోధించిన ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు దేశవిభజన తరువాత కలకత్తా చేరినట్లు ఆయనకు తెలుసు. 1981లో భారతదేశానికి వచ్చిన సలాం ఆ వృద్ధ గురువు ఇంటికి వెళ్ళాడు. మంచంపట్టిన గురువు ఎదుట నోబెల్ పతకాన్ని ఉంచి, గణితంపై తనకు ప్రేమ కలిగించినది ఆయనేనని వినయంగా విన్నవించాడు. ఆ పతకం గురువుకే చెందుతుందని భావించాడు. మతం, దేశం, సరిహద్దు ఏవీ అడ్డురాని ఆ గురుదక్షిణను తలచుకొన్నప్పుడు హృదయం ఆర్ద్రమవుతుంది.

చివరి సంవత్సరాలలో సలాంను నరాలకు సంబంధించిన దుస్సాధ్యమైన వ్యాధి పీడించింది. క్రమంగా నడక పోయింది. మాట కూడ తడబడింది. 1996 నవంబరు 21వ తేదీన ఆయన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని పాకిస్తాన్‌లోని రబ్వాకు తీసుకొనిపోయి తల్లిదండ్రుల సమాధుల చెంత ఖననం చేశారు. నోబెల్ పొందిన తొలి ముస్లిం అని సమాధి శిలపై చెక్కగా, స్థానిక అధికారుల ఆదేశంతో ముస్లిం అన్న మాటను చెరిపివేశారు. శిలపై మిగిలిన వాక్యం అర్థం తప్పి నిలిచింది. 1997లో ట్రియెస్టె కేంద్రానికి అబ్దుస్ సలాం పేరు పెట్టారు. నేటికీ ఆ కేంద్రం నానా దేశాలనుండి వచ్చే యువ శాస్త్రజ్ఞులతో కళకళలాడుతున్నది.

సలాం జీవితం విద్యార్థిలోకానికి కొన్ని సత్యాలను బోధిస్తున్నది. చిన్న ఊరిలో పుట్టడం పెద్ద ఆలోచనలకు అడ్డు కాదు. మహామహులు కాదన్నంతమాత్రాన సత్యం అసత్యం కాదు. తాను పడిన కష్టం మరొకరు పడకుండా చూడడమే విద్యకు సార్థకత. ఇక ఆయన సిద్ధాంతాలలో ఒకటి ప్రయోగపు గీటురాయిపై నిగ్గుతేలి పాఠ్యగ్రంథాలకెక్కింది. మరొకటి భూగర్భంలోని చీకటి గదులలో, నిశ్చలమైన నీటి అడుగున, ఒక చిన్న వెలుగు మెరుపుకోసం ఇంకా వేచి ఉన్నది. ఆ మెరుపు రేపు కనిపించవచ్చు, ఎన్నటికీ కనిపించకపోనూవచ్చు. సమాధి శిలపై ఒక మాటను చెరపగలిగిన చేతులు, ప్రకృతి గ్రంథంలో ఆయన చదివి చెప్పిన వాక్యాన్ని మాత్రం చెరపలేవు.